మిగతా తొంభై సంగతేంటి?

మా బాబాయి కొడుకు ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తాడు, మంచి పిల్లాడు, ఆదివారం ఆరాధన మానడు. ఈమధ్య మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో, సంపాదనలో పదో వంతు దేవుడికిచ్చే దశమభాగం గురించి ఒక ప్రశ్న పడేశాడు, "దశమభాగం గ్రాస్ జీతం మీద తియ్యాలా, కటింగులన్నీ పోయి చేతికొచ్చే దాని మీద తియ్యాలా?" అని. ఇక చూస్కోండి. పెద్దనాన్నగారు గ్రాసే అన్నారు, ప్రభువు ముందు గవర్నమెంట్ తర్వాత అని. చిన్నత్తయ్యేమో చేతికి రాని డబ్బుకి కానుకేంట్రా, పీఎఫ్ రిటైరయ్యాక వస్తుందిగా అప్పుడిద్దువులే అంది. ఇంకొకాయన బోనస్ సంగతి తీశాడు, ఇంకొకావిడ అద్దెలొస్తే వాటి మీద కూడానా అంది, రెండ్రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. వాడి జీతం 90 వేలు, కటింగులు పోను 78 వేలు వస్తాయనుకోండి, అంటే ఈ రచ్చంతా నెలకి 1,200 రూపాయల గురించన్నమాట.

నాకు నవ్వొచ్చింది గానీ, ఒకటి మాత్రం బుర్రలోంచి పోలేదు. గ్రాస్ మీదే ఇచ్చాడనుకుందాం, 9 వేలు దేవుడికి పోయాయి. మిగతా తొంభై శాతం, అంటే 81 వేల గురించి గ్రూప్‌లో ఒక్కళ్ళు కూడా నోరెత్తలేదు. అది మన సొంతం అన్నట్టు, దేవుడి వాటా కట్టేశాం రసీదు తీసుకున్నాం ఇక ఆయనకి ఆ డబ్బుతో పని లేదు అన్నట్టు.

యేసు కాలంలో ధర్మశాస్త్రం తు.చ. తప్పకుండా పాటించే పరిసయ్యులు కూడా ఇదే లెక్క వేసేవాళ్ళు. మత్తయి 23లో యేసు వాళ్ళని తిట్టిన తిట్లు చదివితే, పుదీనాలో పదో వంతు, సోపులో పదో వంతు, జీలకర్రలో పదో వంతు ఇస్తున్నారు గానీ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారు అంటాడు. జీలకర్రలో పదో వంతు! పోపుల డబ్బా ముందేసుకుని గింజలు లెక్కపెట్టే మనిషిని ఊహించుకోండి ఒకసారి. అయితే దశమభాగం మానెయ్యండి అని కూడా అనలేదాయన, వాటిని మానకుండా వీటిని చెయ్యాల్సింది అన్నాడు. కాబట్టి నేను దశమభాగానికి వ్యతిరేకిని అని కామెంట్లు పెట్టకండి దయచేసి, మేమూ ఇస్తాం.

జనవరి వచ్చిందంటే చాలా సంఘాల్లో మలాకీ 3:10 మీద ప్రసంగం ఖాయం. పదియవ భాగమంతయు మందిరపు నిధిలోనికి తీసికొనిరండి, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత విస్తారముగా దీవెనలు, అందరికీ కంఠతా వచ్చు, చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతవాక్యం చెప్పి పెన్సిల్ గెల్చుకున్నవాళ్ళం మనం. కానీ అదే అధ్యాయంలో ఐదు వచనాలు వెనక్కి వెళ్ళి 3:5 చదవండి. దేవుడు ఎవరి మీద సాక్ష్యం చెప్పడానికి వస్తానంటున్నాడో అక్కడ లిస్టు ఉంటుంది, అందులో మంత్రగాళ్ళూ వ్యభిచారులూ ఉన్నారు, వాళ్ళ పక్కనే కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాడూ, విధవరాళ్ళనీ తండ్రి లేని పిల్లల్నీ బాధపెట్టేవాడూ ఉన్నారు. ఐదో వచనం మీద ప్రసంగం నేనైతే ఇంతవరకు వినలేదు. పదో వచనం మీద విన్నవి మాత్రం చాలానే ఉన్నాయి.

ద్వితీయోపదేశకాండం 14 ఇంకా ఆశ్చర్యం. అక్కడ పదో వంతు తీసుకెళ్ళి దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ కూర్చుని తిని సంతోషించమన్నాడు. మూడేళ్ళకోసారి మాత్రం ఆ పదో వంతు ఊళ్ళోనే ఉంచి, మందిరపు సేవ చేసే లేవీయులకీ పరదేశులకీ అనాథలకీ విధవరాళ్ళకీ కడుపునిండా పెట్టమన్నాడు. అంటే అసలు దశమభాగం అన్నదాంట్లోనే విందూ ఉంది, పేదవాడి భోజనమూ ఉంది. మన దగ్గరికొచ్చేసరికి కవరూ, కవరు మీద పేరూ, రిజిస్టర్లో నంబరూ మిగిలాయి.

ఒక సంగతి చెప్తాను. మా చుట్టాల్లో ఒకాయన ఇల్లు కట్టాడు, డూప్లెక్సు, కృతజ్ఞత కూడికకి పిలిస్తే వెళ్ళాం. షామియానా, సౌండ్ బాక్సులు, దుప్పట్లలా కప్పిన పూలదండలు, ముగ్గురు పాస్టర్లు, గుమ్మం పైన గ్రానైట్ మీద చెక్కించిన వాక్యం. ప్రార్థన అయ్యాక ఆయన అందరి ముందూ ఒక లావుపాటి కవరు అయ్యగారి చేతికిచ్చాడు, ఎంతో మైకులో చెప్పారు కూడా, జనం చప్పట్లు కొట్టారు. నేను చెప్పులు వెతుక్కుంటూ గేటు దగ్గరికొస్తే అక్కడ ఒక మనిషి నిలబడున్నాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో మడతలు పడ్డ చిన్న నోటుబుక్కు. భోజనానికి రాలేదేంటండీ అంటే, లేదండీ నేను మేస్త్రీని, సార్‌ని కలవాలి అన్నాడు. సెంట్రింగ్ వాళ్ళవీ ప్లాస్టరింగ్ వాళ్ళవీ కలిపి ఇంకా కొంత బ్యాలెన్స్ ఉందట, ఫంక్షన్ అయ్యాక ఇస్తానన్నారు అన్నాడు. నోటుబుక్కు తీసి చూపించాడు నేనేమీ అడక్కుండానే, పేర్లు, పేర్ల పక్కన రోజులు టిక్కులు, టిక్కుల కింద కొట్టివేతలు. మావాళ్ళు భోజనానికి రమ్మంటే ఆడాళ్ళు గేటు బయటే ఉన్నారండీ అన్నాడు, చూస్తే నిజమే, రోడ్డవతల ఇద్దరు ఆడకూలీలు పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడున్నారు.

మా చుట్టం చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. అడిగితే "ఇస్తానురా, ఎక్కడికి పోతాను, లోన్ లాస్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ రావాలి" అంటాడు, ఇచ్చే ఉంటాడు కూడా. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అని ఊరికే అనలేదు, డబ్బులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, నాకూ తెలుసు. కానీ కవరుకి డబ్బులు ముందుగానే పక్కన పెట్టగలిగాడు కదా, నోటుబుక్కులో ఉన్న పేర్లకి ఎందుకు పెట్టలేకపోయాడు? లేవీయకాండం 19లో కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అనుంది. యాకోబైతే 5వ అధ్యాయంలో ఇంకా ఘాటుగా, మీరు పట్టి ఉంచిన కూలి మొర్రపెడుతోంది, ఆ కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవుల్లో పడ్డాయి అంటాడు. ఆరోజు సౌండ్ బాక్సుల్లోంచి వచ్చిన స్తుతిపాటలూ ఆ చెవుల్లోనే పడ్డాయి మరి.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ చిన్నపిల్లల పాటలాగా అయిపోయింది మనకి, పొట్టివాడు, మేడిచెట్టు, దిగిరా, అంతే. లూకా 19 నెమ్మదిగా చదివితే అది మొత్తం ఒక అకౌంట్ సెటిల్‌మెంట్. ఆస్తిలో సగం పేదలకి, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు వెనక్కి. ధర్మశాస్త్రం ప్రకారం తప్పు ఒప్పుకుని తిరిగిచ్చేవాడు అసలుకి ఐదో వంతు కలిపి ఇస్తే చాలు, నాలుగంతలు అన్నది గొర్రెని దొంగిలించి కోసుకుతిన్నవాడికి వేసే శిక్ష, ఈయన తనంతట తానే తనకి దొంగ శిక్ష వేసుకున్నాడు. అప్పుడు యేసు నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది అంటాడు. అదే యేసు ఇంకో ధనవంతుడైన కుర్రాణ్ణి ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి రమ్మన్నాడు, వాడు దిగులుపడి వెళ్ళిపోయాడు. జక్కయ్య సగం అంటే సరే అన్నాడు, మిగతా సగం ఏంచేస్తావ్ అని అడగలేదు. మరియ మార్తలని అయితే ఇల్లు అమ్మమననే లేదు, ఆ ఇంటికే భోజనానికి వెళ్ళాడు. అందరికీ ఒకే పర్సంటేజీ పెట్టి చేతులు దులుపుకునే ఛాన్స్ మనకి ఇవ్వలేదాయన, అదే కొంచెం ఇబ్బంది.

డబ్బు ఎక్కడ్నుంచి వచ్చింది అన్నది జక్కయ్య ముందు చూసుకున్నాడు. మనం అది చూసుకోం. ముఖ్యంగా వడ్డీ విషయం. మా ఒంగోలు వైపు అందరికీ తెలిసిందే, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకి రెండు రూపాయలు అంటే వినడానికి ఏముందిలే అనిపిస్తుంది, ఏడాదికి లెక్కేస్తే 24 శాతం, మూడు రూపాయలైతే 36. లక్ష అప్పు తీసుకున్నవాడు నెలనెలా 2 వేలు కట్టుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి 24 వేలు కట్టి కూడా ఇంకా లక్షా బాకీనే. రిటైరైన డబ్బులు ఇలా తిప్పుకునే విశ్వాసులు నాకు బాగానే తెలుసు, ప్రార్థనాపరులు, ఉపవాసాలుంటారు. అడిగితే అవసరానికి ఆదుకుంటున్నాం కదా అంటారు. వడ్డీ డబ్బుల్లోంచి దశమభాగం కూడా ఠంచనుగా తీస్తారు!

నెహెమ్యా 5 చదవమని చెప్తాను వీళ్ళకి. కరువొచ్చి జనం పొలాలూ ద్రాక్షతోటలూ తాకట్టు పెట్టి, పిల్లల్ని దాసులుగా ఇచ్చుకుని ఏడుస్తుంటే, యూదా దేశానికి అధిపతిగా ఉన్న నెహెమ్యాకి ఒళ్ళు మండి పెద్దల్ని అందరి ముందూ నిలదీస్తాడు. అక్కడ వాళ్ళు తీసుకుంటున్న వడ్డీ నూరో వంతు. అది నెలకే అని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు, అంటే అచ్చంగా మన రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే ఆయనంత గొడవ చేశాడు, మనవాళ్ళు రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ అంటారు. ఇంకో సంగతి, నెహెమ్యా తనూ తన బంధువులూ కూడా అప్పులిచ్చామని చెప్పి, పదండి వదిలేద్దాం అంటాడు. పన్నెండేళ్ళు అధిపతిగా ఉండి కూడా తనకి రావాల్సిన భత్యం తీసుకోలేదు. అలాంటివాడు చెప్తే పెద్దలు మాట్లాడలేక ఊరుకున్నారు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు గాలి ఒకటి వీస్తోంది మన దగ్గర. కారు కొంటే బ్లెస్సింగ్, ప్లాట్ కొంటే బ్లెస్సింగ్, వీసా వస్తే బ్లెస్సింగ్, వెనకద్దం మీద యెహోవా యీరే (దేవుడే చూసుకుంటాడు) అని స్టిక్కర్. కృతజ్ఞత చెప్పడం తప్పని అనట్లేదు. కానీ సాక్ష్యాల టైమ్‌లో ఎప్పుడైనా గమనించారా, వచ్చినవాటి గురించే సాక్ష్యాలు. దేవుని దయవల్ల నేను లంచం తీసుకోనందుకు ప్రమోషన్ పోయింది అని ఎవరూ లేచి చెప్పరు, చెప్తే జనం హల్లెలూయా అనాలో అయ్యో అనాలో తెలీక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. టీవీ పెడితే విత్తనం విత్తండి వందరెట్లు కోయండి, కింద అకౌంట్ నంబరు. ఈ విత్తనాలు వేసేది ఎక్కువగా ఎవరంటే డాక్టర్ ఫీజుకి డబ్బుల్లేనివాళ్ళు, అదీ నా బాధ.

మా ఒంగోలులో దీనికి సరిగ్గా రివర్స్ కథ ఉంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, ధాత కరువు అని మా ముసలోళ్ళు చెప్పుకునేవాళ్ళు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో క్లౌ దొరగారని ఉండేవారు, మిషనరీ కాకముందు సర్వేయింగ్ నేర్చుకున్న మనిషి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ ముక్కని ఆయన కాంట్రాక్ట్ తీసుకుని, ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలి పని చూపించాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది మాదిగలు, మాలలు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని ఎంతమంది అడిగినా కరువు నడిచినంత కాలం ఇవ్వనన్నాడు. గింజల కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలి కదా అని. కరువు తగ్గి, పంచడానికి డబ్బు లేనప్పుడు కూడా జనం వస్తూనే ఉన్నారు, అప్పుడిచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి. మా వంశం కూడా ఆ రోజుల్లోనే నమ్ముకున్నదని మా నాన్నగారి నమ్మకం, కాగితాలేమీ లేవులెండి. అన్నం చూపించి విశ్వాసం కొనకూడదు అని భయపడిన ఆ మనిషి, ఇప్పుడు వాకిండ్లు తెరుచుకుంటాయి రండి అని మైకులో పిలిచే కూటాలు చూస్తే ఏమనేవాడో.

మా ఇంటివైపు బాప్టిస్టులం, మా ఆవిడవాళ్ళది డోర్నకల్ దగ్గర పల్లె, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. పెళ్ళయిన కొత్తలో వాళ్ళింట్లో వంటగదిలో పొయ్యి పక్కన మూతలేని ఒక చిన్న కుండ చూశాను. అత్తమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు చేటలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది, పెదాలు కదిలేవి, తర్వాత కడిగేది. అదేంటని అడిగితే దేవుని బియ్యం అంది. పూట ఎంతమందికి వండుతున్నా ఒక పిడికెడు. ఆదివారం స్త్రీల మైత్రి, అంటే సంఘంలో ఆడవాళ్ళ కూడిక వాళ్ళు పోగుచేసేవాళ్ళు.

ఇది డోర్నకల్ వైపు అజరయ్య గారి కాలంలో బాగా పాతుకుపోయిన పద్ధతి. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళాయన, 1912లో డోర్నకల్‌కి బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకుముందు 1903లోనే తిరునెల్వేలిలో మన డబ్బుతో మన మనుషులతోనే మిషనరీ పని జరగాలని ఒక సొసైటీ మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. ఇక్కడి సంఘంలో ఉన్నది ఎవరంటే పొలం లేని కూలీలు, వెట్టి చేసేవాళ్ళు. దొరల డబ్బుతో నడిపించేస్తే సరిపోయేది, కానీ వీళ్ళు తీసుకునేవాళ్ళు మాత్రమే కాదు ఇచ్చేవాళ్ళు కూడా అని ఆయన పట్టు. రూపాయి లేనివాళ్ళు ఏమిస్తారు, వండుకునే బియ్యంలో పిడికెడు ఇస్తారు. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ చేసిన కతీడ్రల్ చూస్తే నోరు తెరుచుకుంటుంది, చర్చిలాగానూ గుడిలాగానూ మసీదులాగానూ కూడా కనపడుతుంది ఒకేసారి. దాని వెనక ఈ కూలిజనం కానుకలు కూడా ఉన్నాయి. పిడికెడు బియ్యంలో నాకు నచ్చేది ఏంటంటే అది లెక్కకందదు. గ్రాసా నెట్టా అన్న ప్రశ్నే రాదు. రోజూ ఆకలేసినప్పుడు చెయ్యాలి, పక్కన పెట్టింది తీసేశాక మిగిలిందాన్ని కూడా ప్రార్థన చేసిన చెయ్యే కడిగి వండుతుంది. మొత్తం కుండ దేవుడిదే అయిపోతుంది.

అదే ఊళ్ళో కోత పండగకి వెళ్ళినప్పుడు వేలం పాట చూశాను, సీఎస్ఐ వాళ్ళకి తెలుసు ఆ సందడి. పండించినవి అన్నీ తెచ్చి చర్చి ముందు పెడతారు, గుమ్మడికాయలు, కంకులు, మిరపకాయల బుట్ట, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ట్రెజరర్ గారు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి పాట మొదలుపెడతాడు. ఒక నాటుకోడి గుడ్డు వచ్చింది, ఒకే ఒక్కటి. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చిన ఇద్దరికి పంతం పడింది దాని మీద, యాభై, వంద, ఐదొందలు, వెయ్యి, ఒకటోసారి, రెండోసారి, ఈలలు, చివరికి రెండున్నర వేలకి ఆగింది. పాడుకున్నాయన పేరు మైకులో చెప్పారు, ఆయన నవ్వుతూ గుడ్డు మళ్ళీ పాటకే ఇచ్చేశాడు. సరదాగానే ఉంది, డబ్బు చర్చి కప్పు రిపేరుకే, నాకేం అభ్యంతరం లేదు. ఆ గుడ్డు తెచ్చిన అవ్వ నా పక్కనే మెట్ల మీద కూర్చునుంది, ఆమె పేరు ఎవరూ చదవలేదు. గుడ్డు నీదేనా అవ్వా అంటే, "నాదే బిడ్డా, ఇయ్యాల ఒక్కటే పెట్టింది, దెచ్చిన" అంది.

మార్కు 12లో బీద విధవరాలు వేసిన రెండు కాసుల మీద కూడా మనకి ప్రసంగాలకి కొదవలేదు, చూశారా ఆమె అంతా వేసింది మీరేం వేస్తున్నారు అని. కానీ ఆ మాటలకి సరిగ్గా ముందు వచనం ఏంటంటే, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగుతూ మాయవేషంగా దీర్ఘప్రార్థనలు చేసేవాళ్ళ గురించి జాగ్రత్త అని. తర్వాతి అధ్యాయం మొదట్లోనే, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదు అని. మధ్యలో ఆమె. యేసు ఆమెని మెచ్చుకున్నాడు, అది నిజమే, అయితే ఆమె చివరి కాసులు కూడా తీసుకున్న ఆ వ్యవస్థని కూడా మెచ్చుకున్నాడని మాత్రం ఎక్కడా లేదు. ఆ అవ్వకి ఆ సంఘంలో నెలకి కేజీ బియ్యం ఎవరైనా ఇస్తారా అని మామయ్యని అడిగాను. ఇస్తారంట, పిడికెడు బియ్యం కుండల్లోంచే. అది విన్నాక మనసు కుదుటపడింది.

మిగతా తొంభైని సీరియస్‌గా తీసుకున్న మనిషి గురించి చదివితే భయమూ వేస్తుంది ఒకోసారి. గ్రోవ్స్ అని ఇంగ్లండ్‌లో ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టర్, బాగా సంపాదన. భార్యాభర్తలు మొదట పదో వంతు ఇచ్చారు, తర్వాత నాలుగో వంతు, తర్వాత ఖర్చులు పోగా మిగిలిందంతా. తర్వాత ప్రాక్టీసే వదిలేసి బాగ్దాద్ వెళ్ళిపోయారు, అక్కడ ప్లేగులో భార్య చనిపోయింది. 1836లో మన గోదావరి వైపు బౌడెన్, బీర్ అనే ఇద్దర్ని తీసుకొచ్చింది ఈయనే, వాళ్ళు నరసాపురంలో స్థిరపడ్డారు, గోదావరి జిల్లాల్లో బ్రదరన్ సంఘాలకి మొదలు అదే. గ్రోవ్స్ మాత్రం చిత్తూరులో పొలం పెట్టి, పట్టుపురుగులు పెంచి, కష్టపడి సంపాదిస్తూ సువార్త చెప్దామనుకుంటే అది కలిసిరాక అప్పులపాలయ్యాడు. అన్నీ ఇచ్చేసినవాడికి వందరెట్లు వచ్చేసింది అని చెప్పుకోడానికి ఈయన కథ పనికిరాదు, అందుకేనేమో ఎవరూ చెప్పరు.

ఇదంతా రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి చదివి, "తొంభై లెక్కంతా బానే ఉంది గానీ పాప స్కూల్ ఫీజు టర్మ్‌కి ఎంతో తెలుసా తమరికి" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. తన ఇంటివాళ్ళని చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అని తిమోతికి రాసింది అపొస్తలుడైన పౌలే, ధనాపేక్ష సమస్తమైన కీడులకు మూలము అని రాసింది కూడా అదే పత్రికలో. డబ్బు పాపం కాదు, యేసునీ శిష్యుల్నీ పోషించింది యోహన్న, సూసన్న లాంటి ఆడవాళ్ళు తమకున్న ఆస్తితోనే అని లూకా 8లో ఉంది. సామెతల్లో ఆగూరు చేసిన ప్రార్థనంటే నాకు చాలా ఇష్టం, పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము. ఎక్కువైతే యెహోవా ఎవరు అంటానేమో, తక్కువైతే దొంగతనం చేస్తానేమో అని కారణం కూడా చెప్పాడు. ఇంత నిజాయితీ ప్రార్థన మా కూడికల్లో వినపడితే బాగుండు. మధ్యతరగతి ఇంట్లో చిక్కేంటంటే తగినంత అన్నది ఎక్కడ ఆగుతుందో తెలీదు, టూ బెడ్రూమ్ కొన్నాక త్రీ బెడ్రూమ్ తగినంత అవుతుంది, ఆ తర్వాత షాద్‌నగర్ వైపు ఒక ప్లాట్ కూడా తగినంతలోకే వచ్చేస్తుంది.

మా ఇంట్లో ఇద్దరం కూర్చుని తేల్చుకున్నవి పెద్దవేం కాదు. జీతం పడగానే ఈఎంఐ కన్నా ముందు పనమ్మాయి డబ్బులు వెళ్ళాలి, ఆమె ఊరెళ్ళిన రోజులకి కొయ్యకూడదు, మాకు లీవులుంటే ఆమెకి ఎందుకుండవు. చుట్టాలకి చేబదులిస్తే వడ్డీ లేదు, తిరిగి రాదనుకున్నంతే ఇవ్వాలి. కొత్త ప్లాట్ మాట ఈ ఏడాదికి తీసుకురాకూడదు (ఇది నా పట్టు, ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు).

అసలు పరీక్ష ఇప్పుడొచ్చింది, మా బావమరిదికి సంబంధం కుదిరేలా ఉంది. మంచి విశ్వాస కుటుంబం, అమ్మాయి నర్సు. మొదటి మీటింగ్‌లో ప్రార్థన, వాక్యం, కాఫీలు, అన్నీ అయ్యాక అమ్మాయి తండ్రి నెమ్మదిగా, మా పాపకి మేమేం పెట్టుకోగలమో అది పెడతామండీ అన్నారు, మావాళ్ళ పెద్దాయన ఒకరు మాకేం డిమాండ్లు లేవండీ మీ ఇష్టం మీ పాపకే కదా అన్నారు. ఈ రెండు డైలాగుల మధ్య ఎన్ని లక్షలు పడతాయో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. కట్నం తీసుకోవడం నేరమని చట్టం వచ్చి 1961 నుంచి ఇన్నేళ్ళయింది, చర్చిలో పెళ్ళి చేసే అయ్యగారు ఆ మాట ఎత్తడు, దంపతుల ఇంటికి ప్రార్థనకొచ్చి కొత్త ఫ్రిజ్ మీద కూడా చెయ్యి వేసి దీవిస్తాడు. వచ్చిన కట్నంలో పదో వంతు కానుకేసినవాళ్ళు కూడా నాకు తెలుసు.

ఈసారి మాత్రం బావమరిదే నోరు తెరిచి నాకేమీ వద్దు, బండి కూడా వద్దు, పెళ్ళి ఖర్చు సగం సగం అన్నాడు. మామయ్య సరే అన్నారు. అత్తమ్మ రెండ్రోజులుగా ముభావంగా ఉంది, పెద్దకూతురికి మేము ఇచ్చుకున్నప్పుడు ఎవరు వద్దన్నారు అంటోంది, ఆ పెద్దకూతురి మొగుణ్ణి నేనే కాబట్టి నేను మాట్లాడటానికి లేకుండా పోయింది. మా పెళ్ళప్పుడు మా నాన్నగారు ఏం తీసుకున్నారో ఇప్పుడు లెక్క తీసి చూస్తున్నాం, జక్కయ్యలాగా నాలుగంతలు కుదరదు గానీ అసలైనా బావమరిది పెళ్ళి ఖర్చులోకి మావైపు నుంచి వెళ్ళాలని మా ఆవిడ అంటోంది. ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే అమ్మాయివాళ్ళింటికి వెళ్తున్నాం, సగం సగం అంటే వాళ్ళు నమ్ముతారో, ఇంకేదో లోపముందని అనుమానిస్తారో చూడాలి.